ఆది క్షణాల కృష్ణబిలాలు, కానరాని పదార్థం

అధ్యక్షులకూ, వేదిక మీది పెద్దలకూ, సెలవు రోజైనా ఓపిక చేసుకుని వచ్చిన అధ్యాపక మిత్రులకూ, విద్యార్థులకూ నమస్కారం.

ఆహ్వాన పత్రికలో నా పేరు కింద ‘విశ్వ ద్రవ్యోల్బణం’ అని అచ్చయింది. కందిపప్పు ధర ఎందుకు దిగిరావడం లేదో చెబుతానని ఆశపడి ఎవరైనా వచ్చి ఉంటే వారికి ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇన్‌ఫ్లేషన్ అనే ఒకే మాటను ఆర్థికవేత్తలూ విశ్వశాస్త్రజ్ఞులూ పంచుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మనం మాట్లాడుకోబోయే సంగతిలో, విశ్వం పుట్టిన కొత్తలో ఉబ్బినది ద్రవ్యం కాదు, చోటు. అందుకని నేను దాన్ని ‘ఉల్బణ దశ’ అని మాత్రమే అంటాను. డార్క్ మ్యాటర్‌దీ ఇలాంటి ఇబ్బందే. పత్రికలు కృష్ణ పదార్థం అని రాస్తాయి గానీ అది నల్లగా ఉండదు, గాజు కన్నా పారదర్శకంగా ఉంటుంది. కాంతిని మింగదు, వెలువరించదు, అడ్డుకోదు. దాన్ని అదృశ్య పదార్థం అనడమే నాకు సబబుగా తోస్తుంది. కాంతిని కూడా బయటికి పోనివ్వనంత గురుత్వమున్న కృష్ణబిలం, అంటే బ్లాక్ హోల్, మాత్రం నిజంగానే నల్లనిది. విశ్వంలోని అదృశ్య పదార్థమంతా అసలు ఏ కొత్త కణమూ కాక, విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో ఏర్పడిన చిన్న చిన్న కృష్ణబిలాల సమూహమే అయితే ఎలా ఉంటుందన్నది ఈ రోజు నా విషయం.

అదృశ్య పదార్థం ఉందనడానికి ఆధారాలు మీలో చాలామందికి తెలిసినవే కనుక వాటిని త్వరగా దాటేస్తాను. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీ గుంపును పరిశీలించి, అందులోని గెలాక్సీలు తిరుగుతున్న వేగానికి కనిపించే నక్షత్రాల గురుత్వం వాటిని పట్టి ఉంచడానికి ఏమాత్రం చాలదని చెప్పారు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ అంచుల్లో కూడా వేగం తగ్గడం లేదని చూపారు. ప్లాంక్ ఉపగ్రహం 2018లో వెలువరించిన లెక్కల ప్రకారం, పరమాణువులతో తయారైన మనకు తెలిసిన పదార్థం విశ్వంలోని మొత్తం శక్తిలో సుమారు 5 శాతమైతే, అదృశ్య పదార్థం 26 శాతం పైచిలుకు. ఈ పైచిలుకు సొత్తు ఏమిటన్నదానికి దశాబ్దాలుగా చెబుతున్న సమాధానం ‘ఇంకా కనిపెట్టని కణం’ అని. అమెరికాలోని దక్షిణ డకోటాలో ఒక పాత బంగారు గనిలో, నేలకు దాదాపు కిలోమీటరున్నర లోతున, టన్నుల కొద్దీ ద్రవ జినాన్ నింపిన తొట్టె పెట్టుకుని ఆ కణం కోసం కాపు కాస్తున్నారు. ఇటలీలో ఒక పర్వతం కింద అలాంటిదే మరొకటి ఉంది. ఇంతవరకూ ఆ అతిథి గుమ్మం తొక్కలేదు.

కణం రాకపోవడం వల్లే కృష్ణబిలాల మాట మళ్ళీ వినబడుతోందని కొందరు అంటారు. అందులో కొంత నిజముంది గానీ, ఈ ఆలోచన ఆ తొట్టెల కన్నా పాతది. 1966లో యాకోవ్ జెల్దోవిచ్, ఇగోర్ నోవికోవ్ సోవియట్ రష్యాలో, 1971లో స్టీఫెన్ హాకింగ్ కేంబ్రిడ్జిలో, విశ్వం తొలి క్షణాల్లో పదార్థం ఎక్కడైనా మితిమీరి దట్టంగా ఉంటే అది అక్కడికక్కడే కుప్పకూలి కృష్ణబిలం అవుతుందని రాశారు. అలా పుట్టినవి చుట్టూ ఉన్న వేడి వికిరణాన్ని మింగుతూ రాక్షసాకారం దాల్చి ఉండాలి గదా, మరి మనకు కనబడవేమన్నది మొదట్లో జెల్దోవిచ్ జంటకు వచ్చిన సందేహం. 1974లో బెర్నార్డ్ కార్, హాకింగ్ కలిసి ఆ సందేహం తీర్చారు: విశ్వం విస్తరిస్తున్న జోరులో ఆ బిలాలకు అంత భోజనం అందదు, పుట్టినప్పుడు ఎంత ఉన్నాయో ఇంచుమించు అంతే ఉండిపోతాయి. ఈ చిట్టి బిలాల గురించి ఆలోచిస్తూనే హాకింగ్ అదే ఏడు కృష్ణబిలాలు వికిరణం వెలువరిస్తాయన్న తన ప్రసిద్ధ ఫలితానికి చేరుకున్నారు. ఇప్పటిదాకా ఎవరి కంటా పడని వస్తువులు భౌతికశాస్త్రానికి ఇంత మేలు చేయడం అరుదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా చెప్పాలి. సూర్యుణ్ణి కృష్ణబిలంగా మార్చాలంటే మూడు కిలోమీటర్ల వ్యాసార్థంలోకి నొక్కాలి. భూమినైతే తొమ్మిది మిల్లీమీటర్లలోకి, అంటే పిల్లలు ఆడుకునే పెద్ద గోళీకాయంత చేయాలి. నక్షత్రం తన బరువుతోనే తనను నొక్కుకోగలదు గానీ, దానికి కనీసం ఇంత బరువుండాలన్న హద్దు ఉంది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్క ప్రకారం 1.4 సూర్యుల బరువు లోపున్న నక్షత్ర శేషం శ్వేత కుబ్జంగా నిలబడిపోతుంది. దాన్ని దాటినా, రెండు సూర్యుల పైచిలుకు వరకు న్యూట్రాన్ నక్షత్రంగా నిలబడుతుంది. కాబట్టి సూర్యుడికన్నా తేలికైన కృష్ణబిలాన్ని ఏ నక్షత్రమూ కనలేదు. అలాంటిది ఒక్కటి దొరికినా దాని పుట్టుక వేరే చోట వెతకాలి. తొలి విశ్వంలో నొక్కే పని ఎవరూ చేయనక్కరలేదు, సాంద్రత అప్పటికే ఊహకందనంత ఎక్కువ. ఒక ప్రాంతం చుట్టుపక్కల కన్నా తగినంత దట్టంగా ఉంటే చాలు.

ఆ ప్రాంతం ఎంత పెద్దది కావచ్చన్నది గడియారం నిర్ణయిస్తుంది. విశ్వానికి ఎంత వయసైతే అంతసేపట్లో కాంతి ప్రయాణించగల దూరమే అప్పటికి ‘దిగంతం’. గురుత్వం తన ప్రభావం చూపగలిగేది దాని లోపలే. సెకనులో లక్షవ వంతు గడిచినప్పుడు ఆ దిగంతంలో ఉన్న పదార్థం దాదాపు ఒక సూర్యుడంత. ఒక సెకను గడిచాక లక్ష సూర్యుల స్థాయి. సెకనులో కోటి కోట్లవ వంతును మళ్ళీ పదివేల వంతులు చేసిన క్షణానికి మాత్రం కేవలం కోటి కోట్ల టన్నులు, అంటే నలభై కిలోమీటర్ల అడ్డుకొలత ఉన్న ఒక గ్రహశకలమంత. నేను జాతకాలు నమ్మను గానీ, ఈ బిలాల విషయంలో పుట్టిన ఘడియే బరువును రాసిపెడుతుందని ఒప్పుకోక తప్పదు.

ఇవి అదృశ్య పదార్థం కాగలవా అన్నప్పుడు ఇంకో పద్దు కూడా చూడాలి. తొలి మూడు నిమిషాల్లో హైడ్రోజన్, హీలియం, డ్యుటీరియం కేంద్రకాలు ఏ పాళ్ళలో తయారయ్యాయో మనకు బాగా తెలుసు. ఆ పాళ్ళు నిలవాలంటే మామూలు పదార్థం నేను చెప్పిన 5 శాతానికి మించకూడదు. అందుకే చల్లారిన నక్షత్రాలో, వాటి శవాలో అదృశ్య పదార్థమని చెప్పడం కుదరదు, ఆ పద్దు అప్పుడే మూసేశారు. ఆదిమ కృష్ణబిలాలు ఆ మూడు నిమిషాల కన్నా ముందే ఏర్పడినవి కనుక, వాటిలోకి వెళ్ళిపోయిన పదార్థం ఆ లెక్కలోకి రాలేదు. పైగా అవి మెల్లగా కదులుతాయి, కాంతితో పొత్తు పెట్టుకోవు, గురుత్వానికి మాత్రం లొంగుతాయి. అదృశ్య పదార్థానికి ఉండాల్సిన లక్షణాలన్నీ కొత్త కణం ఏదీ అక్కర్లేకుండానే వాటికి ఉన్నాయి.

ఈ మాట దగ్గర ఆగి నా అభిప్రాయం చెబుతాను. ‘కొత్త కణం అక్కర్లేదు’ అన్నది చాలా ప్రసంగాల్లో ఈ సిద్ధాంతపు గొప్పగా వినిపిస్తుంది. అది అర్ధసత్యం. కణం దగ్గర మిగుల్చుకున్న ఖర్చును మనం ఉల్బణ దశ దగ్గర వడ్డీతో కడుతున్నాం. ఎలాగో కాస్త వివరంగా చూద్దాం.

1980 ప్రాంతంలో అలెక్సీ స్టారోబిన్‌స్కీ, అలన్ గూత్, ఆ వెంటనే ఆండ్రే లిండే తదితరులు ప్రతిపాదించిన చిత్రం ఇది: విశ్వం మొదట్లో అత్యల్ప కాలంలో కనీసం ఎనభై సార్లు రెట్టింపయింది. దాన్ని నడిపించింది ఇన్‌ఫ్లాటాన్ అనే ఒక క్షేత్రం. ఆ క్షేత్రపు శక్తిని ఒక కొండవాలుగా, క్షేత్రపు విలువను ఆ వాలు మీద మెల్లగా దొర్లే బంతిగా ఊహించుకోవచ్చు. బంతి వాలు మీద ఉన్నంతసేపూ చోటు ఉబ్బుతూనే ఉంటుంది, అడుగుకు చేరాక ఉబ్బు ఆగి ఆ శక్తి అంతా వేడి వికిరణంగా మారుతుంది. క్వాంటం నియమాల వల్ల ఆ బంతి విశ్వమంతటా ఒకే చోట ఉండదు. ఒక మూల కొంచెం ముందుంటుంది, మరో మూల కొంచెం వెనకబడుతుంది. వెనకబడిన చోట ఉబ్బు ఇంకొంచెంసేపు సాగుతుంది. ఈ సమయాల తేడాయే తరవాత సాంద్రతలో తేడాగా మిగులుతుంది. గెలాక్సీలకూ మనకూ మూలం ఆ తేడాలే.

ఆ తేడా ఎంతన్నది విశ్వ సూక్ష్మతరంగ నేపథ్యంలో, అంటే తొలి విశ్వం నుంచి ఇప్పటికీ అన్ని దిక్కులా వస్తున్న కాంతిలో, కొలిచి చూశారు: లక్షలో ఒక వంతు స్థాయి. లక్ష మీటర్ల పొడవున పరిచిన దారిలో మీటరు ఎత్తు తేడా ఉన్నట్టు. ఇంత నున్నని విశ్వంలో ఏదీ కుప్పకూలదు. ఎందుకంటే తొలి విశ్వం వికిరణంతో నిండి ఉంది, వికిరణపు ఒత్తిడి బలమైనది. ఒక ప్రాంతం సగటు కన్నా దాదాపు నలభై, యాభై శాతం ఎక్కువ దట్టంగా ఉంటేనే గురుత్వం ఆ ఒత్తిడిని గెలవగలదు. లేకపోతే ఆ ఉబ్బెత్తు ధ్వని తరంగంలా చెదిరిపోతుంది. తగినన్ని బిలాలు పుట్టాలంటే ఒడిదుడుకుల స్థాయి లక్షలో ఒక వంతు నుంచి పదో వంతు దాకా లేవాలి. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఒడిదుడుకులు ఎంత బలంగా ఉన్నాయో చూపే, మేము వాడే శక్తి వర్ణపటపు లెక్కలో చెబితే దాదాపు కోటి రెట్ల పెరుగుదల.

అంత పెరుగుదల ఎక్కడినుంచి వస్తుంది? ఇక్కడ నేను తరగతిలో చెప్పే ఉదాహరణ ఒకటి ఉంది, రైలెక్కిన వారందరికీ అర్థమవుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న రెండు రైళ్ళ మధ్య పది మీటర్ల తేడా ఉందనుకోండి. అవి స్టేషన్ దాటే సమయాల్లో తేడా అర సెకను. అవే రైళ్ళు సిగ్నల్ లేక విజయవాడ అవుటర్‌లో నిమిషానికి పది మీటర్ల చొప్పున పాకుతున్నాయనుకోండి. దూరంలో తేడా అదే పది మీటర్లు. సమయంలో తేడా మాత్రం నిమిషం, అంటే నూట ఇరవై రెట్లు. ఇన్‌ఫ్లాటాన్ బంతి విషయంలోనూ ఇదే జరుగుతుంది. కొండవాలు మధ్యలో ఎక్కడైనా చదునైన చిన్న తిన్నె ఉంటే, అక్కడికి రాగానే బంతి వేగం అమాంతం పడిపోతుంది. క్వాంటం అదుర్లు ఎప్పటిలాగే ఉంటాయి, కానీ వేగం తగ్గింది కనుక సమయాల తేడా విపరీతంగా పెరుగుతుంది. సరిగ్గా ఆ తిన్నె మీద ఉన్నప్పుడు ఉబ్బి బయటపడిన తరంగదైర్ఘ్యాల దగ్గర వర్ణపటంలో ఒక శిఖరం లేస్తుంది. ఉల్బణ దశ ముగిశాక, ఆ తరంగదైర్ఘ్యాలు తిరిగి దిగంతం లోపలికి వచ్చే క్షణాన కృష్ణబిలాలు పుడతాయి. ఏ రెట్టింపు దగ్గర తిన్నె పెడితే ఆ బరువు బిలాలు. తిన్నె ఒక్కటే దారి కాదు; 1996లో హువాన్ గార్సియా బెయిదో, లిండే, డేవిడ్ వాండ్స్ రెండు క్షేత్రాలతో మరో దారి చూపారు. అయితే ఈ రోజుల్లో ఎక్కువగా లెక్కలు వేస్తున్నది తిన్నె మీదే.

తిన్నె ఉండటానికి వీలుందా అంటే ఉంది. నేపథ్య కాంతిలో మనం చదవగలిగినది ఆ ఎనభై రెట్టింపుల్లో పదీ పదకొండు రెట్టింపుల కథ మాత్రమే. గేటు దగ్గర నిలబడి పొడవాటి గూడ్సు బండిలో మొదటి పది వ్యాగన్లు చూసి, మిగతావాటిలోనూ బొగ్గే ఉందని చెప్పడం ఎంత సబబో, మిగతా రెట్టింపుల్లోనూ విశ్వం అంతే నున్నగా ఉందని చెప్పడం అంతే సబబు. గ్రహశకలమంత బిలాల కోసం తిన్నెను మనం చూసిన వ్యాగన్ల నుంచి మరో నలభై వ్యాగన్ల అవతల ఎక్కడో పెట్టాలి. అక్కడ ఏముందో చూసినవారు లేరు, కాబట్టి పెట్టుకోవచ్చు.

వడ్డీ అన్నది ఇక్కడే పడుతుంది. ఈ బిలాలే అదృశ్య పదార్థమంతా కావాలంటే, అవి పుట్టిన క్షణాన విశ్వంలో ఎంత భాగం కుప్పకూలి ఉండాలి? కోటి కోట్ల టన్నుల బిలాలకైతే, దిగంతమంత ప్రాంతాలు వెయ్యి లక్షల కోట్లు తీసుకుంటే అందులో ఒకటో రెండో మాత్రమే. ఇంత తక్కువ చాలడానికి కారణం ఉంది: విశ్వం విస్తరిస్తుంటే వికిరణం, కృష్ణబిలాలు రెండూ పలచబడతాయి గానీ, వికిరణం పలచబడటమే కాక దాని తరంగదైర్ఘ్యం సాగి శక్తిని కూడా కోల్పోతుంది. బిలాలు శక్తిని పోగొట్టుకోవు. అందుకని మొదట్లో నలుసంత ఉన్న వాటి వాటా వేల ఏళ్ళు గడిచేసరికి సింహభాగమవుతుంది. మొదట ఒక్క శాతం కుప్పకూలి ఉంటే ఈ రోజు నక్షత్రాలకు తావే ఉండేది కాదు.

వెయ్యి లక్షల కోట్లలో ఒకటంటే, ఎంత పెద్ద ఒడిదుడుకు ఎంత అరుదో చూపే గంటాకారపు వక్రరేఖలో అతి దూరపు తోక చివర. అక్కడ సంభావ్యత ఘాతీయంగా పడిపోతుంది. తిన్నె పొడవును వెంట్రుకవాసి తగ్గిస్తే విశ్వంలో ఒక్క బిలమూ ఉండదు, వెంట్రుకవాసి పెంచితే విశ్వమంతా బిలాలే. ఒడిదుడుకుల స్థాయిని పది శాతం అటూ ఇటూ చేస్తే బిలాల సంఖ్య వేల రెట్లు మారుతుంది. నేను నా విద్యార్థుల చేత ఈ లెక్క చేయించినప్పుడు, దశాంశ స్థానం తర్వాత నాలుగైదు అంకెలు సరిచూసుకుంటూ తిన్నెను మలచాల్సి వచ్చింది. కంసాలి త్రాసు మీద కొండను తూచినట్టుంటుంది ఆ పని. ప్రకృతి అంత జాగ్రత్తగా మలిచిందా అన్నది న్యాయమైన ప్రశ్న, దానికి నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. ఆ తోక దగ్గర గంటాకారం నిజంగా గంటాకారంగానే ఉంటుందా అన్నది మరో ప్రశ్న. తిన్నె మీద క్వాంటం అదుర్లే బంతిని నడిపించే పరిస్థితి వస్తే తోక లావెక్కుతుందని చాలా లెక్కలు చెబుతున్నాయి.

ఇంకా మౌలికమైన అభ్యంతరం ఒకటి 2022 చివర్లో వచ్చింది. జేసన్ క్రిస్టియానో, జున్ఇచి యొకొయామా అనే ఇద్దరు, చిన్న దైర్ఘ్యాల దగ్గర అంత పెద్ద శిఖరం లేపితే, దాని క్వాంటం ప్రభావం తిరిగి పెద్ద దైర్ఘ్యాల దాకా పాకి, ప్లాంక్ కొలిచిన నున్నదనాన్నే పాడు చేస్తుందని, కనుక ఒకే క్షేత్రంతో బిలాలు పుట్టించడం కుదరదని వాదించారు. కొద్ది వారాల్లోనే ఆంటోనియో రియోట్టో అలాంటిదేమీ లేదని బదులు రాశారు; తిన్నె నుంచి తిరిగి వాలులోకి మార్పు ఒక్కసారిగా కాక మెల్లగా జరిగితే ఆ ప్రభావం తగ్గిపోతుందని ఆయన పక్షం. అటుపైన వచ్చిన వ్యాసాలు ఒక బీరువా నింపుతాయి. నా అంచనాలో రెండో పక్షానికే మొగ్గు ఎక్కువ, కానీ ఈ వాదం పూర్తిగా సద్దుమణిగిందని చెప్పడం తొందరపాటు.

సిద్ధాంతం చాలు, ఆకాశంలోకి వద్దాం. బిలాల కోసం వెతికిన చోట్లలో ఎక్కువ మూసుకుపోయాయి. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలు పట్టుకున్న మొదటి గురుత్వ తరంగం, అంటే స్థలకాలంలో పుట్టిన అల, 36, 29 సూర్యుల బరువున్న రెండు బిలాల కలయిక నుంచి వచ్చింది. అంత బరువైన జంట ఆ రోజుల్లో చాలామందికి ఆశ్చర్యం కలిగించింది, ఇదే అదృశ్య పదార్థమా అని 2016లో వ్యాసాలు వచ్చాయి. కానీ అదృశ్య పదార్థమంతా అలాంటి బిలాలే అయితే తొలి విశ్వంలోనే జంటలు కట్టి, ఇప్పుడు లైగో చూస్తున్న దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఢీకొంటూ ఉండాలి. మహారాష్ట్రలో హింగోలి జిల్లాలో కట్టబోయే లైగో-ఇండియాకు 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం వచ్చింది. సూర్యుడి కన్నా తేలికైన బిలాల వేటలో అదీ చేరుతుంది. అయినా ఆ బరువుల్లో దొరికేది కొసరే గానీ అసలు కాదు. చిలీలో దూరదర్శిని నడిపే పోలండ్ వారి ఓగుల్ బృందం పెద్ద మెజిలానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలోని నక్షత్రాలను దాదాపు ఇరవై ఏళ్ళు గమనించి 2024లో తేల్చిన సంగతి కూడా అదే: భూమికి నాలుగు రెట్ల పైబడిన బరువు నుంచి వందల సూర్యుల దాకా ఉన్న బిలాలు అదృశ్య పదార్థంలో పదో వంతుకు మించి ఉండలేవు.

ఆ వెతుకులాట ఎలా సాగుతుందో దగ్గరగా చూపించడానికి ఒక రాత్రి కథ చెబుతాను. హవాయి దీవిలో మౌనా కేయా శిఖరం మీద జపాన్ వారి సుబారు దూరదర్శిని ఉంది, అద్దం అడ్డుకొలత 8.2 మీటర్లు. 2014 నవంబరు 23 రాత్రి ఆ దూరదర్శినిని ఆండ్రోమెడా గెలాక్సీ వైపు తిప్పి, దాదాపు ఏడు గంటల పాటు రెండు నిమిషాలకొక ఫొటో చొప్పున తీశారు. దారిలో ఒక చిన్న కృష్ణబిలం అడ్డువస్తే దాని గురుత్వం ఆ వెనుకనున్న నక్షత్రపు కాంతిని కటకంలా కూడదీస్తుంది, నక్షత్రం కొన్ని నిమిషాల పాటు వెలుగు పుంజుకుని మళ్ళీ తగ్గుతుంది. అదృశ్య పదార్థమంతా చంద్రుడి బరువు ప్రాంతంలోని బిలాలైతే ఆ ఒక్క రాత్రిలో వెయ్యి దాకా అలాంటి మెరుపులు కనబడాలి. కనబడింది ఒకే ఒక్క అనుమానాస్పద మెరుపు. హిరోకో నికురా, మసాహిరో తకదా తదితరులు 2019లో ఈ ఫలితం ప్రచురించారు. ఒకే ఒక్క రాత్రి కాపలాతో ఇంత పెద్ద మేర తుడిచిపెట్టడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

కానీ ఆ పద్ధతికి ఒక అడుగు హద్దు ఉంది. బిలం మరీ చిన్నదైతే దాని వ్యాసార్థం కాంతి తరంగదైర్ఘ్యం కన్నా తగ్గిపోతుంది; అప్పుడు కాంతి దాన్ని పట్టించుకోకుండా, చెరువులో పాతిన సన్నని గెడను అల దాటిపోయినట్టు దాటిపోతుంది. పైగా నక్షత్రపు బింబం ఆ చిన్న కటకానికి మరీ పెద్దదవుతుంది. దాంతో సుమారు వంద కోటి కోట్ల టన్నుల దిగువన మైక్రోలెన్సింగ్ అనే ఈ కటకపు పద్ధతి గుడ్డిదైపోతుంది. రెండో వైపు నుంచి హాకింగ్ వికిరణం తరుముకొస్తుంది: 50 కోట్ల టన్నుల బిలం విశ్వం వయసైన 1,380 కోట్ల ఏళ్ళలో ఆవిరైపోతుంది, దానికి కొన్ని వందల రెట్లు బరువున్నవి కూడా గామా కిరణాలు వెదజల్లుతూ దొరికిపోతాయి. ఆ రెంటి మధ్యన, పదివేల కోట్ల టన్నుల నుంచి వంద కోటి కోట్ల టన్నుల దాకా, ఒక కిటికీ తెరిచి ఉంది. గామా కిరణ విస్ఫోటాల కాంతితో ఈ కిటికీలో కొంత మూసేశామని ఒకప్పుడు అనుకున్నారు గానీ, ఆ విస్ఫోటపు మూలం అనుకున్నంత చిన్నది కాదని తేలి 2018లో ఆ తలుపూ తెరుచుకుంది. ఈ కిటికీలో మాత్రం ఆదిమ కృష్ణబిలాలు నూటికి నూరు శాతం అదృశ్య పదార్థం కావడానికి ఇప్పటికీ అడ్డేమీ లేదు.

ఆ కిటికీ మధ్యలో ఉన్న బిలం ఎలా ఉంటుందో ఊహించండి. బరువు కోటి కోట్ల టన్నులు, పరిమాణం ఒక పరమాణువంత. హాకింగ్ సూత్రం ప్రకారం ఉష్ణోగ్రత 12 లక్షల డిగ్రీలు. అయితే అంత వేడి వస్తువు వెదజల్లే శక్తి వాటులో కొన్ని వందో వంతులు, మీ ఇంట్లో స్విచ్ బోర్డు మీద వెలిగే ఎర్ర ఇండికేటర్ పాటి. అదృశ్య పదార్థమంతా ఇలాంటివే అయితే, ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న ఈ క్షణాన నెప్ట్యూన్ కక్ష్యంత గోళం లోపల సగటున రెండు ఉండి ఉంటాయి, సెకనుకు రెండు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో సౌరకుటుంబాన్ని దాటిపోతూ.

ఇప్పుడే ముందు వరుస నుంచి ఒక చీటీ వచ్చింది, ‘అది భూమిని తాకితే?’ అని. లెక్క సులభం: అలాంటిది భూమిలోంచి దూసుకుపోవడం సగటున ఇరవై వేల కోట్ల ఏళ్ళకు ఒకసారి, విశ్వం వయసుకు పద్నాలుగు పదిహేను రెట్లు. కిటికీలో అతి తేలికైన వాటినే తీసుకుంటే ఇరవై కోట్ల ఏళ్ళకు ఒకసారి. అది భూమిని మింగేయదు, నిమిషంలోపే ఇటునుంచి అటు దాటి వెళ్ళిపోతుంది. అయితే కోటి కోట్ల టన్నులది మీకు మీటరు దూరంలోంచి పోతే మాత్రం దాని గురుత్వపు ఒక్క గుంజుకు మీరు సెకనుకు అరవై మీటర్లకు పైగా వేగం అందుకుంటారు. కనుక చూడటానికి దగ్గరకు వెళ్ళవద్దు. తాకకపోయినా పక్కనుంచి పోయేవాటిని పట్టవచ్చని 2024లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ప్రతిపాదించారు: భూమికీ కుజుడికీ మధ్య దూరం మనకు ఎంతో సూక్ష్మంగా తెలుసు కాబట్టి, దశాబ్దానికోసారి ఒక బిలం కుజుడికి చేరువగా వెళితే ఆ కక్ష్యలో మీటరు స్థాయి కదలిక కనబడాలి. దాన్ని గ్రహశకలాల చేష్ట నుంచి విడదీయడం కష్టమైన పనే, అసాధ్యం మాత్రం కాదు.

నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఇంకొక చోట. ఉల్బణ దశలో లేచిన శిఖరం బిలాలను పుట్టించి ఊరుకోదు. అంత పెద్ద ఒడిదుడుకులు తమలో తాము కలబడినప్పుడు స్థలకాలమే కంపించి గురుత్వ తరంగాలు బయలుదేరుతాయి. బిలాలు వెయ్యి లక్షల కోట్లలో ఒక చోటే పుడతాయి, తరంగాలు మాత్రం అన్ని చోట్లా పుడతాయి. ఆ తరంగాల పౌనఃపున్యం బిలాల బరువుతో ముడిపడి ఉంటుంది. సూర్యుడి బరువు ప్రాంతమైతే అది పల్సార్ గడియారాలు, అంటే క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే నక్షత్రాలు, పట్టగల నానోహెర్ట్జ్ శ్రుతిలో వస్తుంది. 2023 జూన్‌లో ఆ శ్రుతిలో ఒక ఘోష వినబడుతున్నట్టు ప్రకటించిన బృందాల్లో మన దేశపు పల్సార్ బృందం కూడా ఉంది. పుణె దగ్గర ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శిని కొలతలు, ఐఐటీ హైదరాబాద్ పరిశోధకుల పాలు అందులో ఉన్నాయి. దాన్ని ఉల్బణ దశకు ఆపాదించే వ్యాసాలు వెంటనే వచ్చాయి గానీ, మహా కృష్ణబిలాల జంటలతో సులువుగా కుదిరేదానికి అంత దూరం వెళ్ళడం నాకు నచ్చలేదు.

గ్రహశకలపు బరువు బిలాలకైతే ఆ తరంగాలు సెకనుకు ఒక కంపనంలో కొన్ని వేలవ వంతులే ఉండే పౌనఃపున్యంలో, మిల్లీహెర్ట్జ్‌లలో వస్తాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో ఖరారు చేసిన, అంతరిక్షంలో గురుత్వ తరంగాలను పట్టే లీసా సరిగ్గా ఆ శ్రుతికే చెవి పెడుతుంది: పాతిక లక్షల కిలోమీటర్ల ఎడంలో మూడు వ్యోమనౌకలు, మధ్యన లేజర్ కిరణాలు, 2035 ప్రాంతంలో ప్రయోగం. ఎవరూ ఈ బిలాల కోసం ఆ దూరాన్ని ఎంచుకోలేదు, అది కాకతాళీయం. మిగిలిన ఒకే ఒక్క కిటికీకి సరిపోయే పనిముట్టు వేరే పని కోసం తయారవుతోంది. లెక్కల ప్రకారం ఆ ఘోష లీసా వినగలిగే కనిష్ఠ స్థాయి కన్నా వందల రెట్లు బిగ్గరగా ఉండాలి, కాబట్టి వినబడలేదేమోనన్న సంశయానికి పెద్దగా తావుండదు. వినబడితే, మనం చూడని ఆ నలభై వ్యాగన్ల అవతల ఏముందో మొదటిసారి తెలుస్తుంది. నిశ్శబ్దమే వస్తే, గంటాకారపు ఒడిదుడుకులతో, వాలు మీద తిన్నెతో బిలాలు పుట్టించే దారి ఆ బరువుల దగ్గర మూసుకుపోయినట్టే. అప్పుడు నా బీరువాలోని కాగితాల్లో సగం తూకానికి వేసుకోవచ్చు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. వెనుక వరుసలో చాలాసేపటి నుంచి చేయెత్తి ఉంచిన అబ్బాయికి ముందు మైకు ఇవ్వండి.